డెప్ చిప్‌లో పూసలు ఎలక్ట్రోడ్ అంచుకి రావట్లేదు, బుడగలు మాత్రం వస్తున్నాయి

ప్రశ్న:
డైఎలెక్ట్రోఫోరెసిస్ (డెప్, అంటే ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉండే విద్యుత్ క్షేత్రంతో కణాల్ని కదిలించడం)తో 1 మైక్రాన్ పాలీస్టైరీన్ పూసల్ని పట్టాలని చూస్తున్నాను. గాజు మీద దువ్వెన పళ్ల లాంటి బంగారు ఎలక్ట్రోడ్లు, పన్ను 20 మైక్రాన్లు, సందు 20. పైన పీడీఎంఎస్ (సిలికోన్ రబ్బరు) ఛానెల్, వెడల్పు 500, ఎత్తు 50 మైక్రాన్లు. పూసలు పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పు ద్రావణం), ఫ్లో నిమిషానికి 1 మైక్రోలీటరు. 10 కిలోహెర్ట్జ్, 20 వోల్టుల పీక్-టు-పీక్ ఇస్తే నిమిషంలోపే బుడగలు, బంగారం అంచులు నల్లబడి లేస్తున్నాయి. పూసలేమో అంచుకి రాకపోగా పైకి తేలుతున్నాయి. వోల్టేజ్ పెంచాలా?

జవాబు 1:
వోల్టేజ్ జోలికి వెళ్లకండి, తప్పంతా పీబీఎస్‌ది. దాని వాహకత మీటరుకి 1.5 సీమెన్స్ పైమాటే. మీ పూసది 4 మిల్లీసీమెన్స్ దగ్గర, అదీ ఉపరితలం పుణ్యమా అని. అలాంటప్పుడు ఏ ఫ్రీక్వెన్సీలోనైనా నెగటివ్ డెప్పే, అంటే క్షేత్రం బలంగా ఉన్న అంచు నుంచి పూసలు దూరంగా నెట్టబడతాయి, పైకి తేలడం సహజమే. బుడగలు 10 కిలోహెర్ట్జ్‌లో జరిగే ఎలక్ట్రాలిసిస్ వల్ల. పైగా ఆ వోల్టేజ్‌కి పీబీఎస్ 15 డిగ్రీల దాకా వేడెక్కుతుంది.

పూసల్ని డీఐ నీళ్లతో (అయాన్లు తీసేసిన నీళ్లు) 3 సార్లు కడగండి, ప్రతిసారీ సెంట్రిఫ్యూజ్‌లో 5000 జీ, 5 నిమిషాలు. గాజుకి అంటకుండా చివర్లో 0.05% ట్వీన్ 20 (సబ్బులాంటి డిటర్జెంట్). వాహకత కొలిచే మీటరు సెంటీమీటరుకి 10 మైక్రోసీమెన్స్ లోపు చూపించాలి. అప్పుడు ద్రవం కన్నా పూస వాహకత ఎక్కువై పాజిటివ్ డెప్ వస్తుంది, పూసలు అంచుకి లాగబడతాయి. 100 కిలోహెర్ట్జ్, 10 వోల్టులతో మొదలుపెట్టండి. 700 కిలోహెర్ట్జ్ దాటితే మళ్లీ నెగటివ్‌లోకి పోతుంది. ఫ్లో 0.1కి తగ్గించండి, ఇప్పుడు ద్రవం సెకనుకి 0.67 మిల్లీమీటర్ల వేగంతో పోతోంది, ఇంత చిన్న పూస ఆ ధాటికి నిలవదు.

జవాబు 2:
పై సలహా పాటించే ముందు వోల్టేజ్ ఇచ్చే సిగ్నల్ జనరేటర్ సెట్టింగ్ చూసుకోండి. లోడ్ 50 ఓమ్స్ అని పెట్టి ఉంటే, డీఐ నీళ్లలో తెర మీద 10 కనిపించినా చిప్‌కి దాదాపు 20 వెళ్తుంది. పీబీఎస్‌లో దీనికి ఉల్టా, సగం వోల్టేజ్ జనరేటర్‌లోనే పడిపోవచ్చు. ఆసిలోస్కోప్ ప్రోబ్‌ని చిప్ ప్యాడ్ మీదే పెట్టి కొలవండి.

ప్రశ్న అడిగినవారు:
కడిగాక అంచుల్లో వరసగా నిలుస్తున్నాయి, థాంక్సండీ. 1 కిలోహెర్ట్జ్‌కి దించితే మాత్రం పన్ను నడిమధ్యకి చేరుతున్నాయి. ఇదీ డెప్పేనా?

జవాబు 3:
కాదండీ, అది ఏసీ ఎలక్ట్రోఆస్మాసిస్. ఎలక్ట్రోడ్ మీద నీళ్లే కదిలి పూసల్ని ఊడ్చుకెళ్తున్నాయి. అనుమానముంటే 2 మైక్రాన్ల పూసలు వేసి చూడండి. నీటి ప్రవాహమైతే వేగం మారదు, డెప్ అయితే సుమారు 4 రెట్లవుతుంది.

ముందుముందు రక్తకణాలు పెట్టే ఆలోచన ఉంటే డీఐ నీళ్లు వద్దు, పగిలిపోతాయి. 8.5% సుక్రోజ్, 0.3% డెక్స్‌ట్రోజ్ కలిపి, వాహకత సరిపెట్టడానికి పీబీఎస్‌ని చుక్కచుక్కగా వేయండి.