ఇంటర్వ్యూలో వినికిడి సమస్య గురించి ఎప్పుడు చెప్పాలి?

హన్మకొండ అమ్మాయి:
వచ్చే వారం మడికొండ ఐటీ పార్క్‌లో ఇంటర్వ్యూ ఉంది. నాకు ఎడమ చెవి అస్సలు వినపడదు, కుడి చెవికి మిషన్ పెట్టుకుంటాను, సదరం సర్టిఫికెట్ ఉంది. ముందే చెబితే పిలవరేమో, చెప్పకపోతే దాచిందనుకుంటారేమో అని ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

కాజీపేట అన్న:
చెల్లె, చిన్నప్పటి నుంచి జరిగిందంతా చెప్పే పని లేదు. నీకు ఏం కావాలో అది మాత్రం ఇప్పుడే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టు. ఫోన్ రౌండ్ ఉంటే దాని బదులు వీడియో కాల్ పెట్టి క్యాప్షన్లు ఆన్ చేయమను, ఆఫీసులో అయితే ఎదురుగా కూర్చొని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడమను. ప్రశ్న సరిగ్గా వినపడక వేరే జవాబు చెప్పావనుకో, నీకు సబ్జెక్టే రాదనుకుంటారు, అసలు నష్టం అక్కడే.

జనగామ నుంచి:
2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు కంపెనీకి కూడా సమాన అవకాశాల పాలసీ ఉండాలి, అడిగి చూడమ్మా. 4 శాతం రిజర్వేషన్ మాత్రం ప్రభుత్వ కొలువులకే. మిషన్‌కు ఇంకో బ్యాటరీ దగ్గర పెట్టుకో, మర్చిపోవద్దు.

హన్మకొండ అమ్మాయి:
ఫోన్ రౌండ్ ఉందనే అన్నారు అన్నా. ఈ రాత్రికే మెయిల్ పెడతా.