ఎస్‌సీఎల్ యూనికార్న్ మరమ్మతుకు సర్వీస్ మాన్యువల్ కావాలి

పాతబోర్డు:
మా ఊరి బడి సామాన్ల గదిలో మూలపడి ఉన్న ఎస్‌సీఎల్ (సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్) యూనికార్న్ కంప్యూటర్ ఒకటి నా చేతికి వచ్చింది. 1984లో మొదలైన, బడులలో కంప్యూటర్లు నేర్పే క్లాస్ పథకం నాటిది. స్విచ్ వేస్తే ఒకే స్థాయిలో ఆగకుండా మోత వస్తున్నదే తప్ప తెర మీద ఒక్క అక్షరమూ కనబడడం లేదు. యూనికార్న్ పేరుతో ఎంత వెతికినా పాత ఫొటోలే వస్తున్నాయి. దీని సర్క్యూట్ డయాగ్రమ్ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

టంకంపని:
ముందు ప్లగ్ తీసేయండి, కాగితాల సంగతి తరువాత చూద్దాం. పవర్ సప్లైలో మెయిన్స్ వైపు ఉండే రిఫా కంపెనీ కెపాసిటర్ల పసుపు తొడుగు ఇన్నేళ్లకు పగుళ్లిచ్చి, లోపలికి తేమ చేరి, ఉన్నట్టుండి పేలి గదంతా ఘాటైన పొగ నింపడం ఈ యంత్రాలలో మామూలే. వాటి స్థానంలో అదే విలువ గల ఎక్స్2 (మెయిన్స్ కరెంటుకు వాడే భద్రతా) తరగతివి, 275 వోల్టుల ఏసీకి తగినవి వేయించండి.

ఇక యూనికార్న్ పేరుతో వెతకడం మానేయండి. అది బ్రిటన్‌కు చెందిన ఏకార్న్ కంపెనీ లైసెన్సుతో మన దేశంలో తయారైన, ఆ కంపెనీ కంప్యూటర్ బీబీసీ మైక్రోయే కనుక, ఏకార్న్ వారి బీబీసీ మైక్రోకంప్యూటర్ సర్వీస్ మాన్యువలే మీకు కావలసిన గ్రంథం. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, ఏకార్న్ కంప్యూటర్ల అభిమానుల స్టార్‌డాట్ ఫోరంలోనూ వెతకండి. బోర్డు మీద ముద్రించిన ఇష్యూ (కూర్పు) నంబరును ముందే రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఒక ఇష్యూకీ మరొక ఇష్యూకీ లింకుల అమరికలో తేడాలున్నాయి.

గడియారం6502:
టంకంపని గారు చెప్పినదంతా నిజమే కాని, ఈ లోపానికి మాన్యువల్ కంటే ఒక్కో చిప్ పిన్ల వివరాలిచ్చే డేటాషీట్లే ముందు అక్కరకు వస్తాయని నా అభిప్రాయం. పవర్ రాగానే ఎస్‌ఎన్76489 సౌండ్ చిప్ తనంతట తానే మోగడం మొదలుపెడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ నడవడం మొదలయ్యాక దాని నోరు మూయిస్తుంది. మోత ఆగడం లేదంటే ప్రాసెసర్ ప్రోగ్రామును నడపడం లేదన్నమాట. ఆ ప్రాసెసర్ 6502 కనుక, దాని డేటాషీట్ ముందు పెట్టుకుని, 40వ పిన్ మీద రీసెట్ విడుదలవుతున్నదో లేదో, 37వ పిన్‌కు 2 మెగాహెర్ట్జ్ క్లాక్ అందుతున్నదో లేదో చూడండి. రెండూ బాగుంటే ఐసీ51 సాకెట్‌లోని, ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే రోమ్ చిప్పును ఊడదీసి, కాళ్లు శుభ్రం చేసి తిరిగి గుచ్చండి. సాకెట్ల తుప్పే చాలాసార్లు అసలు దొంగ.

పాతబోర్డు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మాన్యువల్ దొరికింది, కాని స్కాన్‌లో సర్క్యూట్ డయాగ్రమ్ మసకగా ఉండి 3కూ 8కీ తేడా తెలియడం లేదు.

టంకంపని:
అనుమానం వచ్చిన పిన్ నంబరును ఆ చిప్ డేటాషీట్‌తో పోల్చి, పవర్ తీసేసిన బోర్డు మీద మల్టీమీటర్ బజర్‌తో ఖాయం చేసుకోండి. వీడియో యూఎల్‌ఏ, సీరియల్ యూఎల్‌ఏ అనే చిప్పులకు మాత్రం ఈ దారి పనికిరాదు. అవి ఏకార్న్ ప్రత్యేకంగా చేయించుకున్న చిప్పులు కనుక, వాటి కాళ్ల వరకు ఇంకా స్పష్టమైన స్కాన్ వెతుక్కోక తప్పదు.