అప్‌డేట్: ఎల్4-ఎల్5 డిస్క్‌కి కీహోల్ సర్జరీనా, ఓపెన్ సర్జరీనా?

మా అన్నయ్య నడుములో నాలుగు, ఐదు పూసల (ఎల్4-ఎల్5) మధ్య ఉండే మెత్తటి డిస్క్ జారి ఎడమ కాలు లాగేస్తోందని, కీహోల్ (చిన్న రంధ్రంలోంచి చేసేది) మంచిదా ఓపెన్ (మామూలుగా కోసి చేసేది) మంచిదా అని ఇక్కడ అడిగాను. ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగా నడుస్తున్నాడు. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాగా పనికొచ్చింది "ఇంకో సర్జన్‌కి చూపించండి" అన్న సలహా. ఆ రెండో సర్జన్ ఎంఆర్‌ఐ చూసే ముందే అన్నయ్యని మడమల మీద నడవమన్నారు. ఎడమ పాదం పైకి లేవలేదు. బొటనవేలిని ఆయన ఒక్క వేలితో నొక్కితే కిందికి వాలిపోయింది. పాదాన్ని, బొటనవేలిని పైకి లేపే ఎల్5 నరం బలహీనపడిందని, ఇక ఆగడం మంచిది కాదని చెప్పారు. డిస్క్ ముక్క ఊడి బాగా కిందికి జారడంతో కీహోల్‌లో వాడే ఎండోస్కోప్‌తో (కెమెరా ఉన్న సన్నని గొట్టం) అందడం కష్టమని, మైక్రోస్కోప్ పెట్టి చిన్న కోతతో తీశారు. అంటే ఓపెన్‌కీ కీహోల్‌కీ మధ్యరకం.

మేం ఎక్కువ టెన్షన్ పడిన కోత సైజు అసలు లెక్కలోకే రాలేదు. 2014 కాక్రేన్ సమీక్షలో (చాలా పరిశోధనల్ని కలిపి చూసే నివేదిక) కూడా నొప్పి తగ్గడంలో ఈ పద్ధతుల మధ్య తేడా చిన్నదే. సర్జన్‌కి ఏది బాగా అలవాటో అడగడమే మేలనిపించింది.

కాలి లాగుడు వెంటనే పోయింది. పాదం మీద తిమ్మిరి ఇంకా కొంచెం ఉంది, నరం మెల్లగా కోలుకుంటుందట. ఫిజియోథెరపీ నడుస్తోంది.

ఎవరికైనా మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా ఏ పద్ధతి అని ఆలోచించకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.