కంద బచ్చలికి ఆవ: రోట్లో నూరాలా, పొడి చాలా?

నాగావళి గట్టు: కార్తీకం వచ్చింది, వనభోజనాలు మొదలయ్యాయి. ఒక్క మాట. ఆవాలు, మిరియాలు, ధనియాలు గింజలే కొనండి, ఏ పూటకాపూట నూరుకోండి. మొన్న ఉసిరి చెట్టు కింద కంద బచ్చలి తిన్నాం. ఘాటు లేదు సరికదా, ఒకటే చేదు. పొడి వేసేశారు! ఉల్లీ వెల్లుల్లీ మానేసే నెలలో రుచంతా దినుసులదే కదా.

టెక్కలి తమ్ముడు: పొడేస్తే చేదొస్తాదని ఎవులు సెప్పారు మావా?

బొబ్బిలి కర్రీపాయింట్: ఆవగింజ నలిగి తడి తగిలితేనే ఘాటు పుడుతుంది. ఘాటుకి మూలమైన పదార్థం, దాన్ని విడగొట్టే ఎంజైమ్ గింజలో విడివిడిగా ఉంటాయి. నలిగితే కలుస్తాయి. పొడిలో చన్నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచండి, రోటి ఆవకేం తీసిపోదు. వేణ్ణీళ్లు పోసినా, పొయ్యి మీద ఉడుకుతున్న కూరలో వేసినా ఎంజైమ్ చచ్చిపోతుంది, చేదే మిగులుతుంది. మీ కూర చెడింది పొడితో కాదు, వేడితో.

నాగావళి గట్టు: పది నిమిషాలా? మా అమ్మ నూరగానే కలిపేసేది.

బొబ్బిలి కర్రీపాయింట్: నీళ్లు చిలకరించే కదా నూరేది? ఆ నూరేసరికి పది నిమిషాలూ అయిపోయేవి.

నాగావళి గట్టు: నూరడం వేరు, నానడం వేరు.

రాజాం అక్క: ఆవ సరే, మిరియాలకి ఆ లెక్క కుదరదు. మిరియాలు, ధనియాల వాసన వాటి నూనెల్లో ఉంటుంది. పొడి కొట్టి ఉంచితే గాలికి పోతుంది. వానలు వెళ్లీవెళ్లని ఈ రోజుల్లో ధనియాల పొడి డబ్బా తీస్తే గడ్డలే. గింజ కొంటే కల్తీ కూడా బయటపడుతుంది: నీళ్లలో వేస్తే మంచి మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది. నేను పాడేరు మిరియాలే తెప్పించుకుంటాను. అక్కడ కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకిస్తారు.

నాగావళి గట్టు: ముందు పది నిమిషాల సంగతి తేల్చండి. 2018 దసరాల్లో తిత్లీ తుపానుకి పలాసలో మా చుట్టాలింట కరెంటు లేదు, మిక్సీ మూలన పడింది. అన్నీ రోట్లోనే. ఆ రుచి మళ్లీ తగల్లేదు.

టెక్కలి తమ్ముడు: తుపానులో ఆకలి మీద తింటే ఏదైనా రుచే మావా.

బొబ్బిలి కర్రీపాయింట్: నిజం చెప్పమంటారా? వనభోజనాలకి ఆర్డరిచ్చేవాళ్లు ముందు అడిగేది "ప్లేటెంత" అని. రోట్లో నూరించాలంటే ఒక మనిషి కూలి అదనం అన్నాను కిందటేడు ఒకాయనతో. "ఆవకి కూలేటమ్మా" అని నవ్వాడు. సరే, పొడే వేశాను. అందరి ముందూ రుచి లేదని విస్తరి పక్కకి నెట్టిందీ ఆయనే.

నాగావళి గట్టు: నన్నేనా అంటున్నారు?

బొబ్బిలి కర్రీపాయింట్: మీరెవరో నాకు తెలీదు. ఉలుక్కున్నారు మరి.

నాగావళి గట్టు: మాది పింఛనుదార్ల సంఘమండీ. తలా కొంత వేసుకుని చేసుకుంటాం. రోటి ఆవకని వేరే డబ్బులు ఎక్కణ్ణించి తెస్తాం? ఇదివరకు ఇంట్లో ఆడవాళ్లు ఊరికే నూరేవారు.

బొబ్బిలి కర్రీపాయింట్: ఊరికే! అదీ అసలు మాట. రుచి రోటిది కావాలి, ధర ప్యాకెట్‌ది కావాలి. ఇప్పుడు మీ ఇళ్లలో నూరేవాళ్లు లేరు, ఆ లోటు మా ప్లేటు ధరలో సర్దేయమంటున్నారు. మాకు గ్యాసుంది, అద్దె ఉంది.

రాజాం అక్క: అలా అయితే వనభోజనాలకి వచ్చే మగాళ్లే తలో పూట రోలు ముందు కూర్చోవచ్చు. చెట్టు కింద పేకాటకి దొరికే టైము దీనికీ దొరుకుతుంది.

నాగావళి గట్టు: మాట మార్చకండి. పది నిమిషాలకి ఇంకా జవాబు రాలేదు.

టెక్కలి తమ్ముడు: ఆదివారం మా ఇంట్లో అరటికాయ ఆవపెట్టిన కూర. ఉన్నది పొడే. చన్నీళ్లే కదా అక్కా?

బొబ్బిలి కర్రీపాయింట్: చన్నీళ్లే. కూర దించి చల్లారాక కలుపు.

నాగావళి గట్టు: రోట్లో నూరు.