ఓవెన్ హీటర్లకు కాంటాక్టర్ (కాయిల్‌తో పాయింట్లు కలిపే స్విచ్) తీసేసి ఎస్ఎస్ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే, పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టాలా? పాయింట్లు ఊరికే కాలిపోతున్నాయి

పౌడర్_కోటింగ్_బాలానగర్
అందరికీ నమస్కారం. బాలానగర్‌లో చిన్న పౌడర్ కోటింగ్ (లోహపు వస్తువులకి పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చే) యూనిట్ మాది. ఓవెన్‌కి మొత్తం 18 కిలోవాట్ల హీటర్లు, 415 వోల్టుల త్రీ ఫేజ్, స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల హీటర్ల ఒక్కో కొన ఒకేచోట కలిసేది), 200 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి. పీఐడీ కంట్రోలర్ (టెంపరేచర్ చూసి హీటర్లని ఆన్ ఆఫ్ చేసేది) రిలే అవుట్‌పుట్ నుంచి కాంటాక్టర్ కాయిల్‌కి వెళ్తుంది. ఆ కాంటాక్టర్ ఆర్నెల్లు తిరిగేసరికి పోతోంది, విప్పి చూస్తే పాయింట్లు కాలి గుంటలు పడి ఉంటున్నాయి. మా ఎలక్ట్రీషియన్ "ఎస్ఎస్ఆర్ వేసేద్దాం సార్, అరిగేదేమీ ఉండదు" అంటాడు. మా బావమరిదేమో వాళ్ల ఫ్యాక్టరీలో ఎస్ఎస్ఆర్ షార్టయి ఓవెన్‌లో ఉన్న సరుకంతా మాడిపోయిందని, దాని జోలికి పోవద్దని అంటాడు. ఎవరి మాట వినాలి? పనిలో పనిగా కన్వేయర్ మోటర్‌కి కూడా (1 హెచ్‌పీ) ఎస్ఎస్ఆర్ పెట్టేద్దామా అని కూడా ఆలోచన.

ప్యానెల్_మేకర్_చర్లపల్లి
ఇందులో ఆలోచించడానికేముంది అన్నా, హీటర్ అంటే ఎస్ఎస్ఆరే. ఇంజెక్షన్ మోల్డింగ్ మెషీన్ల బారెల్ హీటర్లు చూడండి, ఇప్పుడు కాంటాక్టర్‌తో ఎవరు నడుపుతున్నారు? జీరో క్రాసింగ్ టైప్ అయితే వోల్టేజ్ సున్నా దగ్గర ఉన్నప్పుడే ఆన్ అవుతుంది, కరెంట్ సున్నాకి వచ్చినప్పుడు ఆఫ్ అవుతుంది, కాబట్టి స్పార్క్ లేదు, టకటక చప్పుడు లేదు. కంట్రోలర్‌లో సైకిల్ టైమ్ (ఒక ఆన్, ఒక ఆఫ్ కలిపి పట్టే సమయం) 1 లేదా 2 సెకన్లు పెట్టుకోవచ్చు, టెంపరేచర్ గీత గీసినట్టు ఉంటుంది. నైక్రోమ్ వైరు కూడా అస్తమానం వేడెక్కి చల్లారడం తగ్గుతుంది కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది. మీ కంట్రోలర్‌లో డీసీ పల్స్ అవుట్‌పుట్ ఉన్న మోడల్ తీసుకుంటే సరిపోతుంది, రిలే అవుట్‌పుట్‌తో ఎస్ఎస్ఆర్‌ని ఆడించకండి, అప్పుడు లోపలి చిన్న రిలే అరిగిపోతుంది.

మెయింటెనెన్స్_మూర్తి
తమ్ముడు మంచి సగం చెప్పాడు, రెండో సగం నేను చెప్తా. ఎస్ఎస్ఆర్ ఆన్‌లో ఉన్నప్పుడు దాని మీద ఒకటి నుంచి ఒకటిన్నర వోల్టు దాకా డ్రాప్ ఉంటుంది. 18 కిలోవాట్లంటే ఫేజ్‌కి 25 ఆంపియర్లు. 1.2 వోల్టులు వేసుకున్నా ఒక్కోదాంట్లో 30 వాట్లు, మూడింటికీ కలిపి 90 వాట్ల వేడి ప్యానెల్ లోపల. కాంటాక్టర్‌కి ఈ బాధ ఉండదు. ఆ ప్యానెల్ ఎక్కడుంటుంది? ఓవెన్ పక్కనే. మే నెలలో బయటే 42, లోపల 55 దాటుతుంది. స్టిక్కర్ మీద 40 ఆంపియర్లని రాసి ఉండేది సరైన హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు దిమ్మ) మీద, చల్లగా ఉన్నప్పటి లెక్క, అంత వేడిలో ఎంత ఇస్తుందో డేటాషీట్‌లో గ్రాఫ్ ఉంటుంది, దాన్ని ఎవడూ చూడడు. హీట్‌సింక్ రెక్కలు నిలువుగా ఉండాలి, గాలి కింది నుంచి పైకి పోవాలి. ఎస్ఎస్ఆర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పేస్ట్ పలచగా పూయాలి. నేను చూసిన ప్యానెళ్లలో రెక్కలు అడ్డంగా పెట్టి, పేస్ట్ వెన్నలా దట్టించి, వాటి మధ్య డక్ట్ నిండా వైర్లు కుక్కి ఉంటాయి.

ఇక అసలు సంగతి, ఎస్ఎస్ఆర్ పోతే మామూలుగా షార్ట్ అయ్యే పోతుంది. ఓపెన్ అవ్వడం అరుదు. అంటే కంట్రోలర్ ఆఫ్ అని మొత్తుకున్నా హీటర్ ఆన్‌లోనే ఉంటుంది. వాళ్ల బావమరిది భయపడడంలో తప్పేం లేదు.

ప్యానెల్_మేకర్_చర్లపల్లి
మూర్తిగారూ, కాంటాక్టర్ పాయింట్లు వెల్డ్ అవ్వవా? అప్పుడూ హీటర్ ఆన్‌లోనే కదా ఉండేది. పైగా త్రీ ఫేజ్ స్టార్‌లో న్యూట్రల్ లేకుండా మూడు ఫేజులకీ మూడు ఎస్ఎస్ఆర్‌లు పెడితే ఒకటి షార్టయినా కరెంట్ తిరిగి పోవడానికి దారే లేదు, ఏమీ కాదు. రెండోది కూడా షార్టయితేనే రెండు హీటర్లు సిరీస్‌లో 415 మీద పడతాయి, అది 9 కిలోవాట్లు, సగం పవర్. భయపడేవాళ్లు ఈ లెక్క వేసుకోరు.

మెయింటెనెన్స్_మూర్తి
ఒకటి షార్టయినట్టు నీకెలా తెలుస్తుంది మరి? ఓవెన్ మామూలుగానే నడుస్తుంది, ఎవడికీ అనుమానం రాదు, రెండోది పోయిన రోజు రాత్రి షిఫ్ట్‌లో తెలుస్తుంది. 200 దగ్గర నిలబడ్డాక ఆ ఓవెన్‌కి 18 కిలోవాట్లు అక్కర్లేదు, ఇన్సులేషన్ బాగుంటే 9 తోనే పైపైకి పోతుంది. మీవాళ్లే డబ్బు మిగులుతుందని రెండు ఫేజులకే ఎస్ఎస్ఆర్ పెట్టి మూడోది డైరెక్ట్‌గా వదిలేస్తారు. అందులో ఒక్కటి షార్టయితే చాలు, ఆ 9 కిలోవాట్లు అప్పుడే మొదలు. స్టార్ పాయింట్‌కి న్యూట్రల్ కట్టి ఉంటే ఆ మూడో హీటర్ అసలు ఎప్పటికీ ఆగదు.

విజయవాడ_ఆటోనగర్_వైండర్
ఇద్దరూ ఆగండి. పోస్ట్ పెట్టినాయన్ని అడగాల్సినవి ఎవరూ అడగలేదు. అన్నా, కంట్రోలర్‌లో సైకిల్ టైమ్ ఎంతుంది? కాంటాక్టర్ రేటింగ్ ఎంత? మూడు పాయింట్లూ ఒకేలా కాలాయా, ఒక్కటే కాలిందా?

పౌడర్_కోటింగ్_బాలానగర్
ఇప్పుడే చూశాను. సైకిల్ టైమ్ 6 సెకన్లు. కాంటాక్టర్ మీద 18 ఆంపియర్లు ఏసీ-3 (మోటర్ లోడ్‌కి), 32 ఆంపియర్లు ఏసీ-1 (హీటర్ లాంటి లోడ్‌కి) అని ఉంది. పాత కాంటాక్టర్ ఇంకా డబ్బాలోనే ఉంటే తీశాను, మూడు పాయింట్లూ అరిగాయి, కానీ మధ్యది బాగా ఎక్కువ. ఆ టెర్మినల్ దగ్గర వైరు తొడుగు గోధుమరంగుకి తిరిగి గట్టిపడి వేలితో నొక్కితే పొట్టులా రాలుతోంది.

విజయవాడ_ఆటోనగర్_వైండర్
దొరికింది. రెండు జబ్బులున్నాయి. మధ్య ఫేజ్ లగ్ (వైరు చివర ఉండే లోహపు ముక్క) లూజు, లేదా దాన్ని వైరు మీద సరిగా నొక్కి క్రింప్ చెయ్యలేదు. ఆ వేడి కాంటాక్టర్ లోపలికి పాకుతుంది. ఆ లగ్ అలాగే ఉంచి ఎస్ఎస్ఆర్ పెడితే అదీ కాలుతుంది, ఇంకా త్వరగా.

రెండోది ఆ 6 సెకన్లు. గంటకి 600 సార్లు, పది గంటల షిఫ్ట్‌కి 6,000. ఉదయం వేడెక్కేదాకా ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి కొంచెం తగ్గించుకోండి. మంచి కాంటాక్టర్ పాయింట్లు హీటర్ లోడ్ మీద సుమారు 10 లక్షల ఆపరేషన్లు వస్తాయనుకుందాం, పని దినాల్లో లెక్కేస్తే ఆర్నెల్లకి అటూ ఇటూగా అదే అవుతుంది. అది పాపం తన ఆయుష్షు పూర్తిగా బతికే పోతోంది. సైకిల్ 30 సెకన్లు చెయ్యండి, రోజుకి 1,200 అవుతుంది, రెండేళ్లు దాటి వస్తుంది. పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో అంత గాలి, అంత ఇనుము వేడెక్కి ఉంటుంది, 30 సెకన్ల ఆన్ ఆఫ్‌కి లోపల ముక్క మీద తేడా కనపడదు. ప్యాకెట్లు అతికించే చిన్న సీలింగ్ జా, బారెల్ జోన్ అయితే వేరు, అక్కడ ఎస్ఎస్ఆరే పెట్టాలి, అది నేను కూడా ఒప్పుకుంటా. 32 ఆంపియర్ల ఏసీ-1 పాయింట్ల మీద 25 ఆంపియర్లు నడపడం కూడా బిగుతే, ఒక సైజు పైది వేసుకోండి.

లో వోల్టేజ్ వస్తుందా మీ ఏరియాలో? కాయిల్‌కి దాని రేటింగ్‌లో 85 శాతం కంటే తక్కువ వస్తే గట్టిగా పట్టుకుంటుందన్న నమ్మకం లేదు, గుర్రుమంటూ కొట్టుకుంటుంది, పాయింట్లు వెల్డ్ అయ్యేది అప్పుడే.

ప్యానెల్_మేకర్_చర్లపల్లి
ఓవెన్ విషయంలో 30 సెకన్లు సరే, ఒప్పుకుంటున్నా. రెండేళ్లకోసారి కాంటాక్టర్ మార్చడం, మార్చేదాకా ప్రొడక్షన్ ఆగడం అనేదాన్ని మాత్రం మీరెవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. నా దగ్గరికి వచ్చే కస్టమర్లకి అదే పెద్ద టెన్షన్.

స్టూడెంట్_ఈఈఈ_వరంగల్
కన్వేయర్ మోటర్ సంగతి ఎవరూ చెప్పలేదు. స్టార్టింగ్ కరెంట్ ఆరేడు రెట్లు కాబట్టి ఎస్ఎస్ఆర్ కాలిపోతుంది కదా సార్?

మెయింటెనెన్స్_మూర్తి
1 హెచ్‌పీ మోటర్ 415 మీద సుమారు 2 ఆంపియర్లు తీసుకుంటుంది, ఏడు రెట్లన్నా 14. ఆ కాసేపటికి 25 ఆంపియర్ల ఎస్ఎస్ఆర్ కాలదు బాబూ. కానీ పొద్దున ఒకసారి ఆన్, సాయంత్రం ఒకసారి ఆఫ్ అయ్యే కన్వేయర్‌కి దాని అవసరమేంటి? ఒక ఫేజ్ ఎస్ఎస్ఆర్ ఓపెనై సింగిల్ ఫేజింగ్ (ఒక ఫేజ్ పోయి మిగతా రెండింటి మీదే నడవడం) అయితే మోటర్ వైండింగ్ పోతుంది, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కినప్పుడు ఎస్ఎస్ఆర్ షార్టయి ఉంటే కన్వేయర్ ఆగదు, మనిషి చెయ్యి అక్కడుంటే? ఓవర్‌లోడ్ రిలేతో మామూలు డీఓఎల్ స్టార్టర్ (మోటర్‌ని నేరుగా లైన్‌కి కలిపేది) పెట్టుకోండి, మెల్లగా స్టార్ట్ కావాలంటే వీఎఫ్‌డీ (స్పీడు మార్చే డ్రైవ్). సాఫ్ట్ స్టార్టర్లలో కూడా లోపల ఎస్‌సీఆర్‌లే (ఎస్ఎస్ఆర్‌లో లాంటి ఎలక్ట్రానిక్ స్విచ్‌లే), అయినా చాలావాటిలో స్పీడందుకోగానే బైపాస్ కాంటాక్టర్ ఆన్ అవుతుంది, ఎందుకంటే ఇందాక చెప్పిన వేడి.

రాత్రి_షిఫ్ట్_ఎలక్ట్రీషియన్
ఒక మాట నేను కూడా. ఎస్ఎస్ఆర్ ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీ ఆంపియర్లు లీక్ అవుతాయి. కంట్రోలర్ ఆఫ్ చేశాం కదా అని హీటర్ టెర్మినల్ మీద చెయ్యి పెట్టిన హెల్పర్ ఎగిరిపడడం నా కళ్లతో చూశాను. ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసి ముట్టుకోవాలి. ఇంకోటి, సస్తాగా దొరికే 40 ఆంపియర్ల వాటిలో కొన్ని విప్పితే లోపల అంత కరెంట్‌కి ఏమాత్రం చాలని చిన్న ట్రయాక్ (కరెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ భాగం) ఉంటోంది. బరువు చూస్తేనే తెలిసిపోతుంది.

పౌడర్_కోటింగ్_బాలానగర్
సరే, లగ్ మార్పించి సైకిల్ 30 చేసి పైసైజు కాంటాక్టర్ వేయిస్తాను. మోటర్ జోలికి పోను. కానీ వచ్చే సంవత్సరం రెండో ఓవెన్ కడుతున్నాం, దానికి ఎస్ఎస్ఆర్ అనే అనుకుంటున్నా. బావమరిది చెప్పిన ప్రమాదం లేకుండా ఏం చెయ్యాలి?

ప్యానెల్_మేకర్_చర్లపల్లి
మూడు ఫేజులకీ మూడు, ఒక్కోటి 60 ఆంపియర్లది. మామూలు ఎంసీబీ ట్రిప్ అయ్యేలోపు ఎస్ఎస్ఆర్ పోతుంది కాబట్టి చాలా వేగంగా తెగే సెమీకండక్టర్ ఫ్యూజులు, ఖరీదైనా సరే. వాటికి ముందు ఒక మెయిన్ కాంటాక్టర్. అది రోజుకి ఒకట్రెండు సార్లే పనిచేస్తుంది కాబట్టి ఏళ్లకి ఏళ్లు వస్తుంది.

మెయింటెనెన్స్_మూర్తి
ఆ మెయిన్ కాంటాక్టర్ కాయిల్‌ని విడిగా ఒక ఓవర్ టెంపరేచర్ థర్మోస్టాట్ మీదుగా తీసుకెళ్లాలి, చేత్తో రీసెట్ చేస్తేనే మళ్లీ పడేది. దాని ప్రోబ్ కంట్రోలర్ థర్మోకపుల్ ఉన్న కన్నంలోనే పెట్టకండి, అది ఊడి బయటికొస్తే రెండూ కలిసే తప్పు చదువుతాయి. బ్లోయర్ స్టార్టర్ ఆక్సిలరీ కాంటాక్ట్ కూడా అదే లైన్‌లో వేయించండి, గాలి తిరగకుండా హీటర్లు ఆన్ కాకూడదు.

పౌడర్_కోటింగ్_బాలానగర్
థర్మోస్టాట్ ఎన్ని డిగ్రీలకి సెట్ చెయ్యమంటారు?

మెయింటెనెన్స్_మూర్తి
మీరు నడిపేది 200 అయితే 230 దగ్గర పెట్టండి. మీ పౌడర్ కంపెనీ డబ్బా మీద ఇచ్చిన పై హద్దు అంతకంటే తక్కువుంటే దానికి దించండి. పెట్టాక ఒకసారి ఓవెన్ ఖాళీగా నడిపి, సెట్‌పాయింట్ పెంచి, అది నిజంగా ట్రిప్ అవుతుందో లేదో దగ్గరుండి చూసుకోండి.