2026 యాంకీస్ షార్ట్‌స్టాప్: వోల్పీకా, కబాలెరోకా?

బ్రాంక్స్_రవి
ప్రశ్న సూటిగా పెడుతున్నా: 2026లో న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టుకి షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఎవరు? ఆంథనీ వోల్పీ ఎడమ భుజానికి 2025 అక్టోబర్‌లో లాబ్రమ్ (కీలు చుట్టూ ఉండే మృదులాస్థి అంచు) ఆపరేషన్ అయింది. నాలుగు నెలల దాకా బ్యాటింగ్ లేదు, ఆరు నెలల దాకా డైవ్ చేయకూడదన్నారు. అంటే ఫీల్డ్‌లో పూర్తిగా దిగడం ఏప్రిల్ మధ్య తర్వాతి మాట. సీజన్ మార్చి 25నే శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలవుతోంది, కాబట్టి ముందు హోసే కబాలెరో ఆడతాడు. అందులో గొడవ లేదు. గొడవంతా వోల్పీ తిరిగొచ్చాకే. వచ్చిన రోజే స్థానం ఇచ్చేయాలా, ట్రిపుల్-ఏలో (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింది లీగ్‌లో) ఆడి సంపాదించుకోమనాలా?

సంపాదించుకోవాలనే నేనంటాను. 2023 నుంచి మూడేళ్ల బ్యాటింగ్ యావరేజ్ చూడండి: .209, .243, .212. 2025 సీజన్‌లో ఆన్‌బేస్ .272. వందసార్లు బ్యాట్ పట్టుకుంటే 27 సార్లే బేస్ మీదికి వెళ్లేవాణ్ని మన ప్రధాన బ్యాటర్ ఆరన్ జడ్జ్ వెనక లైనప్‌లో ఎక్కడ దాచుతారు? 19 హోమర్లు కొట్టాడు, నిజమే. ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు) కూడా 19. బ్యాట్ లేకపోయినా గ్లవ్ (ఫీల్డింగ్) ఉంది కదా అని 2023 నుంచి సర్దిచెప్పుకుంటూ వచ్చాం. ఇప్పుడు ఆ గ్లవ్ మీద కూడా నమ్మకం పోయింది.

నంబర్11_ఫ్యాన్
రవి గారూ, భుజం సంగతి ఒక వాక్యంలో దాటేశారు. అసలు విషయమంతా అక్కడే ఉంది.

2025 మే 3న టాంపా బే రేస్‌తో ఆటలో డైవ్ చేసినప్పుడు భుజంలో ఏదో పట్టు తప్పినట్టయిందని వోల్పీయే చెప్పాడు. ఆ తర్వాత కార్టిజోన్ ఇంజెక్షన్లు వేయించుకుంటూ సీజన్ లాగాడు. అతను కుడిచేతి బ్యాటర్. కుడిచేతి బ్యాటర్‌కి ఎడమ భుజం ముందు భుజం. తుంటి తిరిగాక బ్యాట్‌ని బంతి దాకా లాగేది ఆ భుజమే. బయటివైపు బంతిని అందుకోవడానికి చేయి చాచినప్పుడు, స్వింగ్ చేసి బంతి తగలనప్పుడు, కీలు వెనక లాబ్రమ్ మీద గట్టి గుంజు పడుతుంది. ఆ భుజం నొప్పి పెడితే బ్యాటర్ తనకు తెలియకుండానే రెండు పనులు చేస్తాడు: శరీరాన్ని ముందే తిప్పేస్తాడు, లేదా చేయి పూర్తిగా చాచకుండా స్వింగ్‌ని మధ్యలో తెంచేస్తాడు. రెండింట్లో ఏది చేసినా బయటికి జారే స్లైడర్ (పక్కకు వంగే బంతి) అందదు. వోల్పీ జూన్ నుంచి అవుటైన తీరు చాలామటుకు ఇదే.

విసరడంలోనూ అంతే. కుడిచేత్తో విసిరేవాడికి గ్లవ్ చేయి చుక్కాని. ఆ భుజం లక్ష్యం వైపు నిలబడి చివరి క్షణంలో లోపలికి ముడుచుకోవాలి. ముందే పక్కకు పోతే బంతి ఫస్ట్ బేస్‌మన్‌కు హోమ్ ప్లేట్ వైపు జారుతుంది. అలాంటి త్రోలు 2025లో ఎన్ని చూశాం! చిరిగిన భుజంతో ఆడిన ఏడాదిని పట్టుకుని 24 ఏళ్ల కుర్రాడికి తీర్పు చెప్పడం అన్యాయం.

గుంటూరు_గ్లవ్
భుజం మే నెలలో పోయింది. 2024 అక్టోబర్ 30 సంగతేంటి మరి?

డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) ఐదో ఆట, మనకు 5-0 ఆధిక్యం, ఐదో ఇన్నింగ్స్. కికే హెర్నాండెజ్ సింగిల్, ఎడ్‌మన్ కొట్టిన తేలికైన బంతిని జడ్జ్ జారవిడిచాడు. తర్వాత విల్ స్మిత్ గ్రౌండర్ వోల్పీ చేతికే వచ్చింది. మూడో బేస్‌కి విసిరితే అక్కడున్న మన చిషోమ్ ముందు నేలకు తగిలింది. బేస్‌లు నిండాయి. మన పిచర్ (బంతి వేసేవాడు) గెరిట్ కోల్ ఇద్దర్ని స్ట్రైకౌట్ చేసినా, బెట్స్ గ్రౌండర్‌కి ఫస్ట్ బేస్ కవర్ చేయలేదు. ఫ్రీమన్, టియోస్కర్ హెర్నాండెజ్ కలిసి 5-5 చేశారు. ఫీల్డింగ్ తప్పుల వల్ల వచ్చాయి గనక వాటిలో ఒక్కటీ కోల్ ఎర్న్డ్ రన్స్ లెక్కలో పడలేదు, చివరికి 7-6తో ఓడాం.

తప్పు ముగ్గురిది, వోల్పీ ఒక్కడి నెత్తిన వేయను. కానీ ఆ త్రో జాగ్రత్తగా చూడండి. రన్నర్ తనకూ బేస్‌కూ మధ్య దారిలో ఉన్నాడు, దూరం తక్కువ. అలాంటప్పుడు కాళ్లు సరిచేసుకుని ఛాతీ ఎత్తున ఇవ్వాలి. అతను కదులుతూనే విసిరేశాడు. కాళ్లు ఆగకముందే చేయి కదలడం అతని పాత అలవాటు. ఆపరేషన్‌తో లాబ్రమ్ బాగవుతుంది, అలవాటు బాగవదు. అది కోచ్ దగ్గర, రోజూ వందలకొద్దీ గ్రౌండర్లతో మారాల్సిన విషయం. ట్రిపుల్-ఏకి పంపమనేది అందుకే.

ఎడిసన్_సుధ
అప్పటికే మూడు ఆటలు ఓడాం, నాలుగో ఆటలో అదే వోల్పీ గ్రాండ్ స్లామ్ (బేస్‌లు నిండుగా ఉన్నప్పుడు హోమ్ రన్) కొట్టకపోతే ఐదో ఆటే ఉండేది కాదు. అదీ రాసుకోండి.

బ్రాంక్స్_రవి
రాసుకున్నాం సుధ గారూ. దాని పక్కనే 2025 ప్లేఆఫ్స్ డివిజన్ సిరీస్ కూడా రాయాలి: టొరాంటో మీద 15 అట్-బ్యాట్లు, ఒక హిట్, 11 స్ట్రైకౌట్లు. భుజం సాకు అంటారేమో. వారం ముందు అదే భుజంతో బోస్టన్ మీద వాళ్ల పిచర్ క్రోషే బంతిని స్టాండ్స్‌లోకి పంపాడుగా. వందమైళ్ల ఎడమచేతి పిచర్‌ని కొట్టగలిగిన భుజం కుడిచేతి స్లైడర్ దగ్గర ఎందుకు ఆగింది? ఆగింది భుజం కాదు, బంతిని ఎంచుకునే కన్ను.

నంబర్11_ఫ్యాన్
ఒక్క స్వింగ్‌తో భుజం ఆరోగ్యం తేల్చలేం. ఎడమచేతి పిచర్ బంతి కుడిచేతి బ్యాటర్ లోపలికి వస్తుంది, చేయి చాచనక్కర్లేదు. కుడిచేతి వాడి స్లైడర్ దూరంగా పోతుంది, చాచాలి. మీరిచ్చిన రెండు ఉదాహరణలూ నేను చెప్పినదానికే సాక్ష్యం.

స్క్రాంటన్_సతీష్
వోల్పీ బాగుంటాడా లేదా అని తేలదు గానీ, రూల్స్ ఏం ఒప్పుకుంటాయో తేల్చుకోవచ్చు. ఇక్కడ చాలామంది "ట్రిపుల్-ఏకి పంపండి" అంటున్నారు, అది రెండు రకాలు.

ఒకటి రీహ్యాబ్. గాయాల జాబితాలో ఉన్న బ్యాటర్‌ని మైనర్స్‌లో (కింది లీగ్‌లలో) గరిష్ఠంగా 20 రోజులు ఆడించవచ్చు, పిచర్‌కైతే 30. ఆ రోజులన్నీ మేజర్ లీగ్ సర్వీస్‌లోనే (పై స్థాయిలో గడిపిన రోజుల్లోనే) లెక్క. 20 రోజులు కాగానే తీసుకోవాలి, లేదా ఆప్షన్ చేయాలి.

రెండోది ఆప్షన్, అంటే గాయం లేని ఆటగాణ్ని క్లబ్ మైనర్స్‌కి పంపడం. వోల్పీని 2025 సీజన్ చివరి దాకా ఒక్కసారీ అలా కిందికి పంపలేదు, కాబట్టి అతని ఆప్షన్లు అలాగే ఉన్నాయి. అతని అనుమతి అక్కర్లేదు. పంపితే కనీసం 10 రోజులు అక్కడే ఉండాలి, ఎవరికైనా గాయమైతే తప్ప. అసలు చిక్కు ఇక్కడుంది. ఏడాది సర్వీస్‌కి 172 రోజులు కావాలి, సీజన్ 187 రోజులు అటూ ఇటూ. 2023 తొలి రోజు నుంచి పైనే ఉన్నాడు గనక 2028 తర్వాత ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుకైనా వెళ్లగల ఆటగాడు) అవుతాడు. 20 రోజులు, అంతకు మించి కింద ఉంచితే అది 2029కి జరిగే అవకాశం ఉంది. క్లబ్‌కి లాభం, ఆటగాడికి కోట్లలో నష్టం. అతని ఏజెంట్ ఊరుకోడు, ఆర్బిట్రేషన్ (జీతం మీద మధ్యవర్తిత్వం) కూడా ఇప్పుడే మొదలవుతోంది.

నా లెక్క ఇది: రీహ్యాబ్ 20 రోజులూ పూర్తిగా వాడండి. ఏప్రిల్ మధ్యలో డైవ్ చేయడానికి డాక్టర్లు ఒప్పుకున్నాకే ఆ గడియారం మొదలుపెట్టండి. ముందే మొదలుపెడితే సగం రోజులు డిహెచ్‌గా (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేస్తూ) ఆడటంలో వృథా పోతాయి. 20 రోజుల్లో యావరేజ్ చూడొద్దు, అన్ని తక్కువ అట్-బ్యాట్లలో అది ఏమీ చెప్పదు. చూడాల్సింది మూడే: స్ట్రైక్‌జోన్ బయటి బంతికి ఎన్నిసార్లు స్వింగ్ చేస్తున్నాడు, హోల్‌లోంచి (థర్డ్‌కీ షార్ట్‌కీ మధ్య ఖాళీలోంచి) బ్యాక్‌హ్యాండ్ పట్టి విసిరిన బంతి ఫస్ట్‌కి నేరుగా చేరుతోందా, వరసగా మూడు రోజులు ఆడాక నాలుగో రోజు త్రో వేగం పడిపోతోందా.

గుంటూరు_గ్లవ్
సతీష్ అన్నా, ఇది బాగుంది. ఆ మూడోది ఎవరూ పట్టించుకోరు.

ఎడిసన్_సుధ
కబాలెరో గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడట్లేదు. 2025లో 49 బేస్‌లు దొంగిలించి మేజర్ లీగ్స్‌లో మొదటివాడు. 2024లో 44తో అమెరికన్ లీగ్‌లో మొదటివాడు. జూలై 31న రేస్ తరఫున యాంకీ స్టేడియంలో ఆడుతుండగానే ట్రేడ్ అయి, అటు డగౌట్ నుంచి ఇటు వచ్చాడు.

కానీ అతన్ని రోజూ ఆడించడానికి నేను ఒప్పుకోను. అతని విలువ బెంచ్ మీద ఎక్కువ. 2023 నుంచి పిచర్ ఒక బ్యాటర్‌కి రెండుసార్లే శిక్ష లేకుండా పికాఫ్ (బేస్ మీది రన్నర్‌ని అవుట్ చేయడానికి విసరడం) ప్రయత్నించవచ్చు, బేస్‌లు 15 నుంచి 18 అంగుళాలయ్యాయి. ఏడో ఇన్నింగ్స్ తర్వాత ఒక రన్ వెనకబడితే, నెమ్మదిగా పరిగెత్తే క్యాచర్‌కి బదులు కబాలెరో ఫస్ట్ బేస్ మీద నిలబడితే చాలు, పిచర్ ఫాస్ట్‌బాల్స్ మీదే ఆధారపడతాడు. పదో ఇన్నింగ్స్‌లో సెకండ్ బేస్ మీద ఉచితంగా పెట్టే రన్నర్ విషయంలోనూ అంతే. అతనే స్టార్టర్ అయితే ఆ ఆయుధం చేతిలో ఉండదు. 13 మంది పిచర్లు పోగా బెంచ్‌కి మిగిలేది నలుగురు, అందులో ఒకడు బ్యాకప్ క్యాచర్. మిగతా ముగ్గురిలో ఆ పని ఎవరు చేస్తారు? ఒస్వాల్డో కాబ్రెరా చాలా స్థానాల్లో ఆడగలడు, కానీ 2025లో చీలమండ విరిగి కోలుకున్నవాడు.

బ్రాంక్స్_రవి
ఈ పాయింట్‌కి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటా. అయినా మొదటి ఆరు ఇన్నింగ్స్‌లో షార్ట్‌స్టాప్ బంతులు వదిలేస్తుంటే ఏడో ఇన్నింగ్స్ రన్నర్ ఎందుకు? మనకు 2025లో 19 విజయాలు తెచ్చింది మాక్స్ ఫ్రీడ్. అతను బ్యాటర్లతో నేలబారు బంతులు కొట్టించి బతికే ఎడమచేతి పిచర్. కుడిచేతి బ్యాటర్లు అతన్ని లాగి కొడితే బంతి వెళ్లేది థర్డ్‌కీ షార్ట్‌కీ మధ్యకే. కోల్ మోచేయి ఆపరేషన్ నుంచి వచ్చేదాకా రొటేషన్ (ఆట మొదలుపెట్టే పిచర్ల వరస) భారమంతా ఫ్రీడ్ మీదే. ఆ రోజుల్లోనైనా నమ్మకమైన చేతులు కావాలి.

స్క్రాంటన్_సతీష్
అలాగైతే ఫ్రీడ్ ఆడే రోజు కబాలెరో షార్ట్, మిగతా రోజులు వోల్పీ. వారానికి ఒకటి రెండు రోజుల విశ్రాంతి ఆపరేషన్ అయిన భుజానికీ మేలే. మే నెలంతా అలా నడిపి చూడొచ్చు.

నంబర్11_ఫ్యాన్
దీనికి నేనూ సరే. కానీ జూన్‌లో త్రోలు నేరుగా పోతుంటే ఆ ప్లాటూన్ (వంతుల పద్ధతి) తీసేయాలి. సగం సగం ఆడితే ఏ బ్యాటర్‌కీ లయ రాదు.

గుంటూరు_గ్లవ్
మన కుర్ర షార్ట్‌స్టాప్ జార్జ్ లంబార్డ్ జూనియర్‌ని మర్చిపోవద్దు. 2023 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ పిక్, 2025లో ఎక్కువ భాగం సోమర్సెట్ డబుల్-ఏలో (ట్రిపుల్-ఏకి ఒక మెట్టు కింద) ఆడాడు. ఆ మైదానం బ్రిడ్జ్‌వాటర్‌లోనే, మన వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరే. న్యూజెర్సీ వాళ్లు అతని షార్ట్‌స్టాప్ ఆట దగ్గరనుంచి చూసే ఉంటారు. చేతులు మెత్తన, కాళ్లు ముందే బంతి వెనకకు చేరతాయి. బ్యాట్ ఇంకా సిద్ధం కాలేదు గనక 2026లో తొందరపెట్టకూడదు. కానీ ట్రిపుల్-ఏలో అతను ఆడుతుంటే, వోల్పీ రీహ్యాబ్‌కి వచ్చిన 20 రోజులూ షార్ట్ ఎవరిది? లంబార్డ్‌ని థర్డ్‌కి జరుపుతారా? అది స్ప్రింగ్ ట్రైనింగ్‌లోనే తేల్చుకోవాలి, మేలో కాదు.

స్క్రాంటన్_సతీష్
థర్డ్‌కీ సెకండ్‌కీ తిప్పడమే మంచిది, ఎటూ పైకొస్తే అతనికి మొదట దొరికేది ఆ స్థానాలే. వోల్పీకి మాత్రం ఆ 20 రోజుల్లో కనీసం 12 ఆటలు పూర్తిగా తొమ్మిది ఇన్నింగ్స్ షార్ట్‌లోనే ఇవ్వాలి. ఐదు ఇన్నింగ్స్ ఆడించి తీసేస్తే నాలుగో రోజు చేయి ఎలా ఉందో తెలిసే దారే ఉండదు.