క్విల్టింగ్ ముక్కలకి ఏ మెషీన్: క్రికట్ మేకరా, స్కాన్‌ఎన్‌కట్టా?

క్విల్ట్ (ముక్కలు కలిపి కుట్టే బొంత) కోసం కాటన్ బట్టని వెనక ఏమీ అంటించకుండా కటింగ్ మెషీన్‌తో కోయాలి. ఎక్కువగా రెండున్నర అంగుళాల చదరాలు, కొన్ని అప్లిక్ ఆకులు (బట్ట మీద పెట్టి కుట్టేవి). క్రికట్ మేకర్ రోటరీ బ్లేడు బట్టని లాగకుండా దొర్లుతూ కోస్తుంది. కానీ ముప్పావు అంగుళం కన్నా చిన్న ఆకారాలకి పనికిరాదు, మలుపు తిరగడానికి దానికి చోటు చాలదు. పైగా యాప్ లేనిదే కదలదు.

బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్ ఎస్‌డీఎక్స్‌కి సొంత స్కానర్ ఉంది, కంప్యూటర్ అక్కర్లేదు, పావు అంగుళం కుట్టు మార్జిన్ కూడా అదే కలుపుతుంది. అయితే మామూలు బ్లేడు ఈడుస్తూ కోసేది. బట్టని పరిచే మ్యాట్ మీద జిగురు తగ్గిందా, బట్ట మూల లేచి పోగులు తెగకుండా మిగిలిపోతాయి.

రెండూ వాడినవాళ్లు చెప్పండి: చదరాల కొలత చివరిదాకా నిక్కచ్చిగా వస్తోందా? స్కాన్‌ఎన్‌కట్‌కి విడిగా దొరికే రోటరీ కిట్ వేస్తే, బట్ట కదలకుండా మ్యాట్ మీద వేసే జిగురు షీట్ అవసరం తప్పుతుందా? (పొడవాటి పట్టీల సంగతి వదిలేయండి. మ్యాట్ 24 అంగుళాలే, వాటికి చేతి కట్టరే నయం.)